దుర్గమ్మ పేరులో ‘దుర్’

మొన్న కార్తీకమాసంలో ఒకనాడు పొద్దున్నే బాపట్ల నుంచి మా అక్కయ్య ఫోను చేసింది. స్టవ్వు మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. గుమ్మంలో కూరలమ్మి గోంగూర కట్టలు లెక్కపెడుతోంది. అలాంటి వేళప్పుడు ఫోను చేసిందంటే ఏదో కొంప మునిగే సంగతే అయివుంటుందనుకున్నాను.

“ఏమే, ‘దుర్’ అంటే చెడ్డదనేనా అర్థం?” అంది, మంచీ చెడ్డా పలకరింపు లేకుండానే.

“పొద్దున్నే నీకు సంస్కృతం ఎందుకు ముంచుకొచ్చిందే అక్కా?” అన్నాను, స్టవ్వు కట్టేస్తూ.

సంగతేమిటంటే, అక్కయ్య కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున బారసాల. పిల్లకు మా అమ్మమ్మ పేరు, దుర్గ అని, పెట్టుకోవాలని అక్కయ్య ఎప్పటి కోరికో. పిల్ల తల్లికీ తండ్రికీ అభ్యంతరం లేదు. హైదరాబాదులో కంప్యూటర్ల ముందు కూర్చునే ఉద్యోగాలు వాళ్ళవి. పిలవడానికి రెండక్షరాలుంటే చాలన్నారుట. అడ్డం చెప్పింది వియ్యపురాలు. “దుర్ముహూర్తం, దుర్మార్గం, దుర్వార్త... ‘దుర్’తో మొదలయ్యే మాట ఒక్కటన్నా మంచిది ఉందా వదినగారూ? పసిగుడ్డుకు ఆ పేరెందుకు?” అందిట.

“నువ్వు బి.ఏ. చదివావు. నవలలు రాస్తావు. ఆవిడకు జవాబేదో నువ్వే చెప్పాలి” అని అక్కయ్య ఫోను పెట్టేసింది.

బి.ఏ. చదివినందుకు ఇన్నాళ్ళకు ఒక పని పడింది గదా అని నేనూ నడుం బిగించాను.

మాది తెనాలి. పుట్టిందీ మెట్టిందీ కూడా ఈ ఊళ్ళోనే. అమ్మమ్మగారి ఊరు రేపల్లె. అక్కయ్యను ఇచ్చింది బాపట్ల. అందుచేత ఈ మూడు ఊళ్ళ మధ్యా తిరిగే ప్యాసింజరు బండ్లలోనే నా బతుకు సగం గడిచిందంటే అబద్ధం కాదు. ‘దుర్’ సంగతి నేను మొదటిసారి విన్నది తెనాలిలోనే, ఎనిమిదో తరగతిలో. ఆ రోజు మా తెలుగు మాస్టారు ఉపసర్గలు చెబుతున్నారు. ప్ర, పరా, అప, సమ్, అను, అవ... అని మా చేత ఇరవై రెండూ వల్లె వేయించి, “ఇప్పుడు ఎవరి పేర్లో ఏ ఉపసర్గ ఉందో మీరే వెతుక్కోండి” అన్నారు. 

ఆడపిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి? వ్యాకరణం ఒక్కసారిగా తీపెక్కింది. విజయకూ విమలకూ ‘వి’ దొరికింది. నిర్మలకూ నిరుపమకూ ‘నిర్’. సుజాతకూ సుశీలకూ ‘సు’. అనూరాధకు ‘అను’. సంపూర్ణకు ‘సమ్’. మా వైపు ఇంటికొకరుండే సామ్రాజ్యానికి కూడా తవ్వితే ఆ ‘సమ్’ దొరికింది. ఎప్పుడూ చివరి బెంచీలో కునికే ప్రమీల ‘ప్ర’ నాదేనని లేచి నిలబడింది. ప్రమీల అంటే కునికిపాటు అనే అర్థమని, అమరకోశంలో ఆ మాట అక్కడే ఉందని మాస్టారు చెప్పేసరికి క్లాసంతా పగలబడి నవ్వాం. ప్రమీల కూడా నవ్వింది. అర్జునుణ్ణి ఎదిరించిన స్త్రీరాజ్యపు రాణికి ఆ పేరెలా వచ్చిందో గాని, మా ప్రమీలకు మాత్రం అతికినట్టు సరిపోయింది.

తప్పుగా వెతుక్కున్న వాళ్ళూ ఉన్నారు. అపర్ణ ‘అప’ నాదంది. కాదు, అది ‘అ–పర్ణ’. తపస్సులో ఆకులు కూడా మానేసిన పార్వతి పేరు. అనసూయ ‘అను’ నాదంది. అదీ కాదు, అసూయ లేనిది అనసూయ. నీరజలో ‘నిర్’ లేదు, నీళ్ళలో పుట్టిందని అర్థం. ఇంత గోలలోనూ ఒక్క పిల్ల మాత్రం తల దించుకుని కూర్చుంది. ఆ పిల్ల పేరు దుర్గ. ‘దుర్ అంటే చెడు’ అని బోర్డు మీద సుద్దముక్కతో రాసివుంది. ఎవరో వెనకనుంచి “దుర్–గ” అని విడగొట్టి పిలిచారు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ సెలవులకు రేపల్లె వెళ్ళినప్పుడు అమ్మమ్మను అడిగాను, “నీ పేరు చెడ్డదా అమ్మమ్మా?” అని. మా అమ్మమ్మ దుర్గమ్మ అప్పుడు పెరట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. “చెడ్డదైతే ఇన్నేళ్ళు మోశానా?” అని ఒక పిక్క నా మీదకు విసిరింది. అంతే. మాస్టారి పాఠం కన్నా ఆ పిక్క నాకు బాగా గుర్తుండిపోయింది.

అసలు ‘దుర్’కు రెండర్థాలున్నాయి. ఒకటి చెడు. రెండోది కష్టం. దుర్మార్గంలో ఉన్నది మొదటిది. దుర్లభంలో ఉన్నది రెండోది, దొరకడం కష్టమని. దుర్గంలో ఉన్నదీ అదే. ‘గమ్’ అంటే వెళ్ళడం. వెళ్ళడానికి కష్టమైనది దుర్గం. మన గుంటూరు సీమలోనే కొండవీడు లేదూ? అది గిరిదుర్గం. కష్టమెవరికి? బయటనుంచి దండెత్తి వచ్చేవాడికి. లోపల తలదాచుకున్న వాళ్ళకు అంతకన్నా భద్రమైన చోటు లేదు. దుర్యోధనుడంటే యుద్ధంలో గెలవడం కష్టమైనవాడు. దుశ్శాసనుడంటే అదుపులో పెట్టడం కష్టమైనవాడు. తల్లిదండ్రులు మురిసిపోయి పెట్టుకున్న పేర్లే అవి. చెడగొట్టుకున్నది ఆ కొడుకులు. ఇహ దుర్గ సంగతికొస్తే, దుర్గముడనే రాక్షసుణ్ణి చంపి ఆ పేరు తెచ్చుకుంటానని దేవీమాహాత్మ్యంలో అమ్మవారే చెబుతుంది. దాటడం కష్టమైన సంసారసాగరాన్ని దాటించే పడవ అని కూడా అందులోనే ఉంది. పులిగడ్డ వంతెన రాకముందు పెనుమూడి రేవులో కృష్ణ దాటిన మా రేపల్లె వాళ్ళకు పడవంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఉపసర్గల గొడవ మా తెనాలి బడిలో మొదలైంది కాదు లెండి. రెండున్నర వేల ఏళ్ళ కిందట నిరుక్తం రాసిన యాస్కుడి నాటికే పండితులు వీటి గురించి రెండు పక్షాలుగా చీలి ఉన్నారు. శాకటాయనుడనే ఆయన, ఉపసర్గకు విడిగా అర్థమే లేదు, మరో మాటను అంటిపెట్టుకుంటేనే దానికి బతుకు అన్నాడు. గార్గ్యుడనే ఆయన, అదేం మాట, దేని అర్థం దానికుంది అన్నాడు. చదువుతుంటే నాకు ఏదో ఇంట్లో కోడలి గురించి పెద్దవాళ్ళు వాదించుకుంటున్నట్టే అనిపించింది. ఇంకో తమాషా చూడండి. వేదకాలంలో ఉపసర్గ క్రియాపదాన్ని అంటిపెట్టుకుని ఉండాలనే నియమం లేదు. క్రియ ఒకచోట ఉంటే ఇది మరోచోట ఉండేది, మధ్యలో నాలుగు మాటలు. వేరుకాపురమన్నమాట. తర్వాతి సంస్కృతంలో ఉమ్మడికాపురానికి వచ్చేసి, ముందుగదిలో మకాం పెట్టింది. యాస్కుడు వీటిని ఇరవైగా లెక్కపెట్టాడు. నిస్–నిర్, దుస్–దుర్ వేరువేరుగా ఎంచితే మన బళ్ళో వల్లె వేసిన ఇరవై రెండు. క్రియతో కలిస్తేనే ఉపసర్గ అనాలని పాణిని పట్టింపు. మన బడిపుస్తకాలు అంత పట్టింపు పెట్టుకోలేదు. నేనూ పెట్టుకోను.

ముందుగదిలో ఉన్నది ఇంటినెలా తిప్పుతుందో చూడాలంటే ‘సద్’ అనే ధాతువును తీసుకోండి. కూర్చోవడం, కుంగడం దాని అర్థాలు. ముందు ‘ప్ర’ చేరిస్తే ప్రసాదం. ‘వి’ చేరిస్తే విషాదం. ‘ఉప’, ‘ని’ రెండూ చేరితే ఉపనిషత్తు. మా వీధిలో ప్రసాదులు నలుగురున్నారు. విషాదరావు ఒక్కడూ లేడు. 

తెనాలిలో సుబ్బారావులకు కూడా కొదవ లేదు. నడిబజారులో నిలబడి “సుబ్బారావుగారూ!” అని పిలిస్తే ముగ్గురు వెనక్కి తిరుగుతారు. ఈ ‘సుబ్బ’ ఎక్కడిదనుకున్నారు? సుబ్రహ్మణ్యంలోది. ‘సు’ చేరిన బ్రహ్మణ్యుడు. మన నోళ్ళలో పడి అరిగి అరిగి సుబ్బడయ్యాడు, సుబ్బమ్మయ్యాడు, సుబ్బలక్ష్మి కూడా అయ్యాడు. 1908లో తెనాలిలో పుట్టిన ఆలూరి వెంకట సుబ్బారావుగారు ఆ పేరు పక్కన పెట్టి చక్రపాణి అయ్యారు. శరత్ నవలలు తెలుగు చేసి మన అమ్మమ్మల చేతా అమ్మల చేతా కన్నీళ్ళు పెట్టించారు. నాగిరెడ్డిగారితో కలిసి 1947లో చందమామ, ఆ తర్వాత విజయా వారి సినిమాలు మనకిచ్చారు. ఆయన సొంత పేర్లోని ‘సు’ను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు గాని, ‘విజయ’లోని ‘వి’ మాత్రం తెరమీద పెద్ద అక్షరాలతో వెలిగింది.

ఆ ‘విజయ’ మా ప్రాంతానికి కొత్త పేరేమీ కాదు. తెనాలికి దగ్గరే ఉన్న చేబ్రోలులో ఈమధ్యే ఒక శాసనం దొరికింది. 2019లో పత్రికలన్నీ రాశాయి. సాతవాహన రాజు విజయుడి అయిదో ఏట, అంటే క్రీస్తుశకం 207లో, చెక్కించినది. దక్షిణాదిన కాలం తెలిసిన సంస్కృత శాసనాల్లో ఇంతకన్నా పాతది ఇంతవరకూ లేదంటున్నారు పురావస్తుశాఖ వారు. కార్తీకుడనే ఆయన ఇక్కడి భగవతి గుడిలో ప్రాసాదం, మండపం కట్టించాడని అందులో ఉంది. సంస్కృతం మా గడ్డమీద అడుగుపెట్టిన మొదటి గుర్తుల్లోనే ఒక అమ్మవారూ, ఒక ‘వి’ పేరూ ఉన్నాయని తెలిసి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. 

ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాక ఆదివారంనాడు రేపల్లె బయల్దేరాను. వియ్యపురాలికి అమ్మమ్మ గురించి చెప్పాలంటే అమ్మమ్మ పెట్టె తీసి చూడాలి. ఆ పెట్టె మా మావయ్య దగ్గర ఉంది.

తెనాలి–రేపల్లె బండి ఎక్కితే వేమూరు దాటాక భట్టిప్రోలు వస్తుంది. ఈ స్టేషనులో బండి ఆగినప్పుడల్లా నేను కిటికీలోంచి చెయ్యెత్తి నమస్కారం పెడతాను. పక్కవాళ్ళు ఎవరో చుట్టాలనుకుంటారు. ఒకరకంగా చుట్టాలే. 1892లో అలెగ్జాండర్ రీ అనే దొర ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వించినప్పుడు రాతి కరండాలు బయటపడ్డాయి. వాటిమీద క్రీస్తు పూర్వపు బ్రాహ్మీ అక్షరాలతో మనుషుల పేర్లు చెక్కివున్నాయి. కుబిరకుడనే రాజు. ఊరి వర్తక సంఘం వాళ్ళు: తిస్స, జేత, సమణదాసు, సోనుతర... సోనుతరలో ఉన్న ఉత్తర శబ్దాన్ని విప్పితే ‘ఉత్’ అనే ఉపసర్గ పలుకుతుంది. ఇరవై రెండు వందల ఏళ్ళ కిందటి భట్టిప్రోలు షావుకారు పేర్లో మా మాస్టారి పాఠం!

కాని ఆ శాసనాల్లోనే ఇంకో మాట ఉంది. ఒక స్ఫటికపు ముక్క మీద, ఇది నందపురం ఆడవాళ్ళూ, మరోచోటి సామణేరులూ ఇచ్చిన కానుక అని ఉంది. ఆడవాళ్ళకు వాడిన మాట ‘మాతుగామ’. అంతే. ఎవరెవరో లేదు. షావుకార్లకు వరసగా పేర్లున్నాయి. నందపురం నుంచి దానమిచ్చిన ఆ తల్లులకు ఒక్క పేరూ లేదు. అమరావతిలో దానాలిచ్చిన స్త్రీల పేర్లు చెక్కారు, నాగార్జునకొండలో చాంతిసిరి పేరు ఉంది. భట్టిప్రోలు స్ఫటికం మీద మాత్రం చోటు చాలలేదు కాబోలు.

చాంతిసిరి అన్నాను గదా. ఆ ‘సిరి’ మన ‘శ్రీ’యే. ఆవిడ పేరులో అది వెనక ఉంది. ఇప్పుడు పేరు ముందుకొచ్చి కూర్చుంది. తెలుగు స్వభావానికి వెనక పెట్టడమే అలవాటు. సంస్కృతంలాగా ముందు చేర్చే ముక్కలు మన భాషలోనూ, తమిళ కన్నడాల్లోనూ సహజంగా లేవు. మనం ఏం చేర్చినా వెనకే: అమ్మ, అయ్య, అక్క, అప్ప. కాకతి గణపతిదేవుడు పెళ్ళాడిన నారాంబ, పేరాంబ మా కృష్ణ అవతలి దివిసీమ ఆడపడుచులే. వాళ్ళ తోడబుట్టిన జాయప సేనాని సంస్కృతంలో నృత్తరత్నావళి రాసినంతటివాడు. అయినా అక్కచెల్లెళ్ళ పేర్లకు మర్యాద వెనకే ఉంది. మరి పేరు ముందు తెలుగువాళ్ళం పెట్టేదేమిటి? ఇంటిపేరు. అది పెళ్ళయిన రోజున మారిపోతుంది. ముందున్నది మారుతుంది, వెనకున్నది ఉంటుంది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

రేపల్లెలో మావయ్య అటకమీదనుంచి అమ్మమ్మ ట్రంకుపెట్టె దించాడు. నాఫ్తలీను ఉండల వాసన, రెండు పట్టంచు చీరలు, దారంతో కట్టిన ఉత్తరాల కట్ట. కవర్లన్నీ అమ్మమ్మ తండ్రి రాసినవీ, ఇతర బంధువులవీ.

అమ్మమ్మ 1928లో పుట్టింది. పెళ్ళయిన కొత్తలో వచ్చిన ఉత్తరాల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ‘చి.ల.సౌ. దుర్గాంబకు’ అని ఉంది. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. 1951లో తాతయ్య పోయారు. అప్పటికి అమ్మమ్మకు ఇరవై మూడేళ్ళు. మా అమ్మకు మూడేళ్ళు, మావయ్య చంటివాడు. ఆ తర్వాత వచ్చిన బంధువుల కవర్ల మీద ‘గం.భా.స.’ అని ఉంది. గంగాభాగీరథీ సమానురాలట. గంగతో పోల్చారు, ఎంత గౌరవమో అనుకునేరు. భర్త పోయిందాని పేరు ముందు వేసే ముద్ర అది. కవరు చూడగానే పోస్టుమేనుకు కూడా తెలియాలన్నమాట. 

తండ్రి మాత్రం ఆ మూడక్షరాలు రాయలేకపోయాడు. ఆయన ఉత్తరాల్లో ‘ల.సౌ.’ పోయింది. మిగిలింది ‘చి.’ ఒక్కటే. ‘చి. దుర్గాంబకు’. చిరంజీవిగా ఉండమని. ఆ ‘చి’ తర్వాత కాస్త ఖాళీ ఉంది. అలవాటుకొద్దీ రాయబోయి చెయ్యి ఆగినట్టు. ఆ ఖాళీ చూసి నేనూ మావయ్యా చాలాసేపు మాట్లాడలేదు.

తెనాలికి తిరిగొస్తూ బండిలో ఆలోచించాను. సౌభాగ్యం అనే మాటలో ఉన్నది కూడా ‘సు’నే. సు–భగ, దానిలోంచి సౌభాగ్యం. సుభగ అంటే భర్త ప్రేమకు నోచుకున్నది. దుర్భగ అంటే నోచుకోనిది. ఆడదానికి ‘సు’ అయినా ‘దుర్’ అయినా మొగుడి దయమీదనేనన్నమాట. ఇహ ‘విధవ’ను పండితులు ‘వి–ధవ’ అని విడగొట్టి, ధవుడంటే భర్త, భర్త పోయినది అని చెప్పారు. భాషాచరిత్ర చూసినవాళ్ళు అది కాదంటున్నారు. వేదంలోనే ఉన్న పాత మాట అది. లాటిన్‌లో ‘విదువా’, ఇంగ్లీషులో ‘విడో’ దాని అప్పచెల్లెళ్ళు. విడిపోయి ఒంటరైనదని దాని మూలార్థం. తర్వాత ఎవరో దాన్లో ‘వి’ ఉపసర్గ ఉందనుకుని విడదీస్తే ‘ధవుడు’ పుట్టుకొచ్చాడు. అంటే ఆ మాటలో మొదట మొగుడు లేనే లేడు! ‘విజయ’లో గెలుపునిచ్చిన ‘వి’ని తీసుకొచ్చి ఇక్కడ అతికించారు. 

మగవాళ్ళ పేరు ముందు ‘మ.రా.శ్రీ’ వేసేవారు. మహారాజశ్రీ. పెళ్ళికాకముందూ మహారాజే, పెళ్ళయ్యాకా మహారాజే, భార్య పోయాకా మహారాజే. ఒక్క అక్షరం మారదు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ తర్వాత గుంటూరులో ఉన్నవ దంపతులు 1922లో శారదానికేతనం పెట్టి ఆడవాళ్ళకు చదువు చెప్పించారు. మా తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరిగారు, వధూవరులకు అర్థంకాని మంత్రాలెందుకని పెళ్ళితంతునే తెలుగులో రాసి పెళ్ళిళ్ళు చేయించారు. ఇంతమంది ఇన్ని చేసినా, కవరు మీది మూడక్షరాలు 1951లో మా అమ్మమ్మ గుమ్మంలోకి రానే వచ్చాయి.

ట్రంకుపెట్టె అడుగున ఇంకొకటి దొరికింది. కౌలు కాగితాలూ, శిస్తు రసీదులూ. తాతయ్య పోయాక మూడెకరాల మాగాణి అమ్మమ్మే చూసుకుంది. ఇద్దరు పిల్లలనూ చదివించింది. ఆ కాగితాల కింద వంకర అక్షరాలతో సంతకాలున్నాయి. ‘దుర్గమ్మ వ్రాలు’. చి. లేదు, సౌ. లేదు, గం.భా.స. లేదు. వాళ్ళు దుర్గాంబ అని రాశారు గాని ఆవిడ అదీ రాసుకోలేదు. దుర్గమ్మ. అంతే. ఒక కాగితం అడిగి తెచ్చుకున్నాను.

బారసాలకు ముందురోజే బాపట్ల చేరాను. ఇంతకుముందు గుంటూరు జిల్లాలో ఉండే బాపట్ల 2022 ఏప్రిల్ నుంచి తనే జిల్లా అయింది. రేపల్లె ఇప్పుడు బాపట్ల జిల్లాలోదే. తెనాలి మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది. అక్కాచెల్లెళ్ళను వేరు చేసినట్టుందని నేను అక్కయ్యతో వేళాకోళమాడుతుంటాను. స్టేషనునుంచి ముందు భావనారాయణస్వామి గుడికి వెళ్ళాను. భావపురి బాపట్ల అయిందని ఇక్కడివాళ్ళు చెబుతారు. భావమంటే ‘భూ’ ధాతువులోంచి వచ్చిన మాట. దానికీ ఉపసర్గలు చేర్చి చూడండి: అనుభవం, సంభవం, ప్రభవ, విభవ, పరాభవ. మన తెలుగు సంవత్సరాల్లో మొదటిది ప్రభవ, రెండోది విభవ, నలభయ్యోది పరాభవ. 1966 ఉగాదికి వచ్చిన పరాభవ అరవయ్యేళ్ళు తిరిగి 2026 ఉగాదికే మళ్ళీ. ఆ ఏడు పుట్టిన పిల్లలంతా పరాభవం పాలయ్యారా? మా అక్కయ్య ఆడపడుచు ఆ ఏడే పుట్టింది. నలుగురు కొడుకులను కని, నలుగురు కోడళ్ళనూ ఒక చూపుతో నడిపిస్తోంది. 

ఈ వాదన వియ్యపురాలి ముందు పెట్టాలని గట్టిగా కంఠస్థం చేసుకుంటూ ఇంటికి వెళ్ళాను. ఆవిడ వరండాలో కూర్చుని బారసాలకు శనగలు ఏరుతోంది. రెండేళ్ళ కిందట భర్త పోయాక ఆవిణ్ణి చూడడం అదే మొదలు. సగానికి సగమైపోయింది. నేనూ ఒక చేట ముందేసుకుని కూర్చున్నాను.

“వదినగారూ, మీ పేరు నిర్మల. అందులో ‘నిర్’ ఉంది. లేకపోవడమని అర్థం. అలాగని మీకు ఏం తక్కువైందండీ?” అని నవ్వుతూ మొదలుపెట్టాను. ఆవిడ నవ్వింది. దుర్గమూ, పడవా, దుర్యోధనుడూ అన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నది. 

చివరికి శనగలమీదనుంచి చూపు తిప్పకుండానే అంది: “నాకు వ్యాకరణం రాదు వదినగారూ. ‘దుర్’ అని ఏదో సాకు చెప్పాను. మీ అమ్మమ్మగారు ఇరవై మూడేళ్ళకే పసుపుకుంకాలు పోగొట్టుకున్నారట గదా. ఆ రాత పిల్లకెందుకని నా భయం. నా రాత చూస్తూనే ఉన్నారుగా.”

నా ఇరవై రెండు ఉపసర్గలూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 

అప్పుడే చేటపక్కన ఉన్న బారసాల కార్డు మీద నా కళ్ళు పడ్డాయి. పిల్ల ఎవరి మనుమరాలో అందులో ఉంది. ‘కీ.శే.’ అని పోయినాయన పేరు ఉంది. ఉన్న ఆవిడ పేరు లేదు. ఆ కార్డు మా అక్కయ్యే రాసి అచ్చుకిచ్చింది. ప్రూఫు నాకు ఫోన్లో పంపితే, బాగుందని చెప్పింది నేను. నందపురం ఆడవాళ్ళ పేర్లు చెక్కలేదని భట్టిప్రోలు వాళ్ళమీద అంత మూతి ముడిచిన దాన్ని, ఈ ఇంటి కార్డు మీద ఆ లోటు కనిపెట్టలేకపోయాను. 

నేనేం మాట్లాడలేదు. సంచిలోంచి కౌలు కాగితం తీసి ఆవిడ చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని సంతకం చూసింది. “చెయ్యి వణికినట్టు లేదే” అంది. “ఎన్నెకరాలు?” అని అడిగింది. చెప్పాను. పిల్లల చదువుల సంగతి చెప్పాను. 2009లో ఎనభై ఒకటో ఏట పోయిందని, పోయే ముందురోజు కూడా కౌలుదారుతో ధాన్యం లెక్క చూసిందని చెప్పాను. ఆవిడ కాగితాన్ని చాలాసేపు చేతిలోనే పెట్టుకుంది. తర్వాత మడతలు పాడవకుండా మడిచి ఇచ్చి, మళ్ళీ శనగలు ఏరడంలో పడింది. 

ఆ రాత్రి నేనూ అక్కయ్యా చాలాసేపు మేలుకునే ఉన్నాం. కార్డు సంగతి చెబితే అక్కయ్య నోరు నొక్కుకుంది. “నాకు తట్టనే లేదే” అంది. ఇలాంటివి మనకు తట్టవు. అదే వాటి బలం.

మర్నాడు పళ్ళెంలో బియ్యం పరిచారు. పురోహితుడు ముందుగా పైన ‘శ్రీ’ రాయమన్నాడు. అది అందరికీ ఒకటే గనక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. దానికింద పిల్ల తండ్రి బంగారపుటుంగరంతో రెండక్షరాలు రాశాడు. ఉయ్యాల చుట్టూ ముత్తైదువలు చేరారు. వియ్యపురాలు వెనకగదిలో తలుపు వారగా నిలబడింది. అక్కయ్య పిల్లనెత్తుకుని నేరుగా అక్కడికే వెళ్ళింది.

“మీరు లేకపోతే ఎలా వదినగారూ? ఉయ్యాల్లో మీరే వెయ్యాలి, పేరు మీరే పిలవాలి” అంది. 

ఆవిడ వెనక్కి తగ్గింది. “నేనా? బాగుండదండీ” అంది. ఎవరో ఒకావిడ గొంతు సవరించుకున్నది కూడా నాకు వినిపించింది. అక్కయ్య వినిపించుకోలేదు. పిల్లను ఆవిడ చేతుల్లో పెట్టేసింది. ఇక చేసేదేముంది? ఆవిడ మెల్లగా నడిచివచ్చి పిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టింది. చెవి దగ్గరకు వంగింది. బియ్యంలో రాసింది రెండే అక్షరాలు. ఆవిడ పిలిచింది మాత్రం అలా కాదు.

“దుర్గమ్మా” అంది.